నీటిలో సున్నపు స్ఫటికాల పుట్టుక - సంకలితాల పాత్ర

బిందు సేద్యపు పరికరాలు మూసుకుపోవడానికి ఇసుక, నాచు, ఇనుము, సున్నం ముఖ్య కారణాలు. వీటిలో ఇసుకను, నాచును ఫిల్టరు ఆపగలదు. సున్నాన్ని మాత్రం ఏ ఫిల్టరూ ఆపలేదు. ఫిల్టరును దాటే సమయానికి అది ఘనపదార్థం కాదు. కాల్షియం, బైకార్బొనేటు అయాన్ల రూపంలో నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. అది ఘనరూపం దాల్చేది ఆ తరువాత, లేటరల్ పైపుల లోపల, మరీ ముఖ్యంగా డ్రిప్పరు మూతి వద్ద. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైన నాటి నుండి డ్రిప్పు ఎక్కువగా విస్తరించినది బోరుబావుల కిందనే. రాయలసీమలోను, దక్షిణ తెలంగాణలోను ఆ నీరు చాలాచోట్ల కఠినజలం. వంటగిన్నెల అడుగున తెల్లని గార కట్టే నీరే డ్రిప్పరులోని సన్నని దారిని కూడా మూసివేస్తుంది.

ఇందుకు విస్తరణ సిబ్బంది సాధారణంగా చెప్పే నివారణ ఆమ్ల చికిత్స. ఆమ్లం లీటర్ల లెక్కన కావాలి. మరోవైపు, ఎకరానికి కొద్ది గ్రాములు చాలునంటూ గార నిరోధకాలు బజారులో అమ్ముడవుతున్నాయి. లీటర్ల ఆమ్లం చేసే పనిని గ్రాముల మందు ఎలా చేస్తుంది, ఇది మోసం కాదా అన్నది రైతులు తరచుగా అడిగే ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. అది మోసం కానక్కరలేదు. అయితే ఆ మందు ఆమ్లం చేసే పనిని చేయదు. వేరొక పని చేస్తుంది. ఆ తేడా తెలియాలంటే ద్రావణం నుండి స్ఫటికం ఎలా పుడుతుందో, ఎలా పెరుగుతుందో చూడాలి.

బోరు నీటిలో జరిగే మార్పు

వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు వేళ్ళు, సూక్ష్మజీవులు విడిచిన బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. వాతావరణంలో ఈ వాయువు సుమారు 0.04 శాతం, నేలలోని గాలిలో అంతకు పదుల రెట్లు ఉంటుంది. అలా కొద్దిగా ఆమ్లత్వం పొందిన నీరు నేలలోని సున్నపు గులకలను, రాళ్ళలోని కాల్షియం ఖనిజాలను కరిగించుకొని కాల్షియం, బైకార్బొనేటులతో భూగర్భానికి చేరుతుంది. అక్కడ వాయువు తప్పించుకుపోయే దారి ఉండదు కనుక కరిగిన సున్నం కరిగినట్లే ఉంటుంది.

మోటారు ఆ నీటిని పైకి తేగానే పరిస్థితి తారుమారవుతుంది. తొట్టిలోనో, పైపు చివరనో గాలి తగిలిన చోట బొగ్గుపులుసు వాయువు బయటకు పోతుంది. దానితో ఉదజని సూచిక పెరుగుతుంది, బైకార్బొనేటులో కొంత భాగం కార్బొనేటుగా మారుతుంది. ఒక ఉదాహరణను లెక్కకట్టి చూడవచ్చు. లీటరుకు 4 మిల్లీ తుల్యాంకాల కాల్షియం, 6 మిల్లీ తుల్యాంకాల బైకార్బొనేటు గల నీరు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉదజని సూచిక సుమారు 7.0 ఉన్నప్పుడు కాల్సైటుతో సరిగ్గా సమతాస్థితిలో ఉంటుంది. బోరు నుండి వచ్చేటప్పుడు సూచిక 7.2 ఉంటే ఆ నీరు సమతాస్థితిని స్వల్పంగానే దాటినట్లు. అదే నీరు వాయువును కోల్పోయి సూచిక 8.0కు చేరితే, కాల్షియం, కార్బొనేటు అయాన్ల లబ్ధం ద్రావణీయతా లబ్ధానికి పది రెట్లవుతుంది. నీటిలోకి కొత్తగా సున్నం చేరలేదు. వాయువు మాత్రమే పోయింది.

ఉష్ణోగ్రత దీనికి తోడవుతుంది. చక్కెర, పొటాషియం నైట్రేటు వంటివి వేడి నీటిలో ఎక్కువగా కరుగుతాయి. కాల్సైటు అందుకు భిన్నంగా వేడి నీటిలో తక్కువగా కరుగుతుంది. బొగ్గుపులుసు వాయువు కూడా వేడి నీటిలో నిలవదు. నల్లని లేటరల్ పైపు వేసవి ఎండలో రోజంతా పడి ఉంటుంది కనుక, సున్నం బయటపడడానికి కావలసిన రెండు పరిస్థితులూ అందులో ఒకేసారి కలుగుతాయి.

పైన చెప్పిన లెక్కకు ఆధారం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లాంజెలియర్ 1936లో ప్రతిపాదించిన సూచిక. నీటి వాస్తవ ఉదజని సూచిక నుండి, అదే నీరు సున్నంతో సమతాస్థితిలో ఉండగల సూచికను తీసివేస్తే వచ్చే అంకె అది. ధనాత్మకమైతే సున్నం దిగే అవకాశముంది, ఋణాత్మకమైతే లేదు. విద్యార్థులు గుర్తుంచుకోవలసిన పరిమితి ఒకటి ఉంది: ఈ అంకె మార్పు ఏ దిశలో జరగగలదో చెబుతుంది కాని ఎంత వేగంగా జరుగుతుందో చెప్పదు. ఒకే సూచిక గల రెండు బోర్ల నీటిలో ఒకటి నెల రోజుల్లో డ్రిప్పర్లను మూసివేయవచ్చు, రెండవది రెండేళ్ళయినా మూయకపోవచ్చు.

బీజం లేనిదే స్ఫటికం లేదు

పటికబెల్లం తయారు చేసేవారు చిక్కని చక్కెర పాకంలో దారం వేలాడదీస్తారు. దారం లేకపోయినా ఆ పాకంలో చక్కెర సంతృప్తత కంటే ఎక్కువే ఉంటుంది. కాని పలుకులు కట్టడానికి ఒక ఆధారం కావాలి. సున్నం విషయమూ అంతే. అయాన్ల లబ్ధం పది రెట్లు పెరిగినంత మాత్రాన స్ఫటికం వెంటనే పుట్టదు.

ఇందుకు కారణం ఉపరితలం. కొద్ది అయాన్లు కలిసి చిన్న గుంపుగా ఏర్పడినప్పుడు లోపలివాటి కంటే అంచున ఉన్నవే ఎక్కువ. లోపలి అయాన్లకు అన్ని వైపులా బంధాలుంటాయి, అంచున ఉన్నవాటికి ఉండవు. అందువల్ల చిన్న గుంపుకు నిలకడ తక్కువ. ఎంత త్వరగా ఏర్పడుతుందో అంత త్వరగా విడిపోతుంది. యాదృచ్ఛికంగా ఒక గుంపు నిర్దిష్ట పరిమాణాన్ని దాటితే అక్కడి నుండి పెరుగుదలే తప్ప వెనుకడుగు ఉండదు. ఆ పరిమాణానికి చేరిన గుంపే స్ఫటిక బీజం. సంతృప్తతను దాటిన మేర ఎంత ఎక్కువైతే బీజానికి కావలసిన పరిమాణం అంత చిన్నదవుతుంది, ఎదురుచూడవలసిన సమయమూ తగ్గుతుంది.

తేట నీటి మధ్యలో బీజం పుట్టడం కష్టం. పైపు గోడ మీద, గరుకు ఉపరితలం మీద, మట్టి రేణువు మీద సులభం, ఎందుకంటే ఆ గుంపు ఉపరితలంలో కొంత భాగం గోడకు ఆనుకొని ఉంటుంది. ఇక అప్పటికే ఏర్పడిన గార పొర ఉంటే కొత్త బీజమే అక్కరలేదు; ఉన్న స్ఫటికాల మీదనే పెరుగుదల కొనసాగుతుంది. ఆమ్లంతో సగం మాత్రమే శుభ్రమైన డ్రిప్పరు కొత్తదానికంటే చాలా తొందరగా మళ్ళీ మూసుకుపోవడం రైతులకు అనుభవమే. చికిత్స చేస్తే పూర్తిగా చేయాలని చెప్పడానికి ఆధారం ఇదే.

పుట్టిన స్ఫటికం మొదట ఏ రూపంలో ఉంటుందన్నది మరో అంశం. జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ 1897లో ఒక సూత్రం చెప్పాడు: ద్రావణం నుండి మొదట బయటపడేది అత్యంత స్థిరమైన రూపం కానక్కరలేదు, తక్కువ స్థిరత్వం గలవి ముందు వచ్చి మెట్టు మెట్టుగా స్థిరరూపానికి మారుతాయి. కాల్షియం కార్బొనేటు దీనికి చక్కని ఉదాహరణ. సంతృప్తత బాగా మించినప్పుడు మొదట స్ఫటిక నిర్మాణమే లేని అస్పష్ట రూపం వస్తుంది. తరువాత వాటరైటు, అరగోనైటు, చివరకు కాల్సైటు. 25 డిగ్రీల వద్ద అరగోనైటు ద్రావణీయతా లబ్ధం కాల్సైటు కంటే సుమారు 1.4 రెట్లు, వాటరైటుది సుమారు 3.7 రెట్లు. ఒక మెట్టు నుండి మరో మెట్టుకు పట్టే సమయం నిమిషాలు కావచ్చు, నేలలోనైతే ఏళ్ళు కూడా కావచ్చు. ఈ మార్పును ఎక్కడ ఆపవచ్చు, ఎంతసేపు ఆపవచ్చు అన్న చోటనే సంకలితాల పని మొదలవుతుంది.

రెండు మిల్లీగ్రాముల ప్రభావం

ద్రావణంలో కలిపిన కొద్దిపాటి పరాయి పదార్థం స్ఫటికాన్ని మార్చగలదని తెలిసి రెండు శతాబ్దాలు దాటింది. ఉప్పు సాధారణంగా ఘనాకారపు స్ఫటికాలు కడుతుంది. మూత్రం కలిపిన ద్రావణంలో అదే ఉప్పు ఎనిమిది ముఖాల స్ఫటికాలుగా ఏర్పడుతుందని ఫ్రెంచి ఖనిజ శాస్త్రజ్ఞుడు రోమే ద లీల్ 1783లో నమోదు చేశాడు. అలా మార్చినది మూత్రంలోని యూరియా. మన వంటిళ్ళలో పాకం గడ్డకట్టకుండా పిండే నిమ్మరసమూ ఇలాంటిదే: ఆమ్లం చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది, ఆ పరాయి అణువులు చక్కెర పలుకుల పెరుగుదలకు అడ్డుపడతాయి.

సున్నం విషయంలో కీలకమైన పరిశీలన వ్యవసాయం నుండే వచ్చిందన్న సంగతి నేటి విద్యార్థులలో చాలామందికి తెలియదు. 1930 దశకంలో కాలిఫోర్నియాలో అమ్మోనియాను నేరుగా సాగునీటిలో కలిపి పొలానికి అందించే పద్ధతి మొదలైంది. అమ్మోనియా క్షారం కావడంతో బైకార్బొనేటును కార్బొనేటుగా మార్చింది. ఫలితంగా సున్నం దిగి పైపులు, తూములు గార కట్టాయి. నీటిలో సోడియం హెక్సామెటాఫాస్ఫేటును లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల చొప్పున కలిపితే ఆ గార ఆగిపోతుందని లుడ్విగ్ రోజెన్‌స్టీన్ కనుగొని 1936లో పేటెంటు పొందాడు. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన రైటెమైయర్, బ్యూరర్ అమ్మోనియా కలిసిన కాల్షియం బైకార్బొనేటు ద్రావణాలలో దీనిని క్రమబద్ధంగా పరిశీలించి 1940లో ఫలితాలను ప్రచురించారు. మందు చాలనప్పుడు సున్నం దిగినా, ఆ స్ఫటికాలు కాల్సైటు సహజ రూపంలో గాక వంకరలు తిరిగి ఉండడాన్ని వారు సూక్ష్మదర్శినిలో చూశారు.

ఆనాటివారిని ఆశ్చర్యపరచినది మోతాదు. ముందు చెప్పిన బోరు నీటిలో లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో 2 మిల్లీగ్రాముల హెక్సామెటాఫాస్ఫేటు కలిపితే, ప్రతి నూరు కాల్షియం అయాన్లకు ఒక్క ఫాస్ఫేటు ప్రమాణం మాత్రమే లభిస్తుంది. ఆ ఒక్కటి నూరు కాల్షియం అయాన్లను బంధించి ఉంచడం అసాధ్యం. కాబట్టి ఈ మందు కాల్షియాన్ని పట్టి ఉంచి సున్నాన్ని ఆపుతున్నదనే వివరణ చెల్లదు. ఇ.డి.టి.ఎ. వంటి బంధక పదార్థాలు పనిచేసే తీరు అది. వాటికి కాల్షియంతో సమానమైన మోతాదు కావాలి. కొన్ని కరపత్రాలలో నేటికీ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం కనిపిస్తుంది. ఇది సరిదిద్దవలసిన పొరపాటు.

అసలు వివరణ స్ఫటికం పెరిగే పద్ధతిలో ఉంది. స్ఫటికపు ముఖం పైకి నున్నగా కనిపించినా అణుస్థాయిలో దాని మీద మెట్లుంటాయి. తాపీ మేస్త్రీ గోడ కట్టేటప్పుడు సగం వేసిన వరుస చివర ఇటుక పెట్టడం ఎంత తేలికో, కొత్త అయాను ఆ మెట్టు అంచున, ప్రత్యేకించి మెట్టు మలుపు తిరిగే మూలలో చేరడం అంత తేలిక. వరుస పూర్తయితే కొత్త వరుస మొదలుపెట్టడం కష్టమే. కాని నిజమైన స్ఫటికాలలో ఉండే మర లాంటి నిర్మాణ లోపం వల్ల మెట్టు ఎన్నటికీ అంతం కాదని, సర్పిలంగా తిరుగుతూనే ఉంటుందని ఫ్రాంక్ 1949లో వివరించాడు. అంటే స్ఫటికపు ఉపరితలమంతటిలో పెరుగుదల జరిగే చోట్లు చాలా తక్కువ. వాటిని అడ్డగించడానికి అణువులు కూడా తక్కువే చాలు.

ఫాస్ఫేటు గొలుసులోని ఋణావేశాలు కాల్సైటు ఉపరితలంలోని కాల్షియంకు గట్టిగా అతుక్కుంటాయి. ముందుకు సాగే మెట్టుకు అవి పాతిన గుంజల వలె అడ్డుపడతాయి. మెట్టు రెండు గుంజల మధ్య నుండి వంపు తిరిగి దూరి సాగాలి. గుంజల మధ్య దూరం ఎక్కువగా ఉంటే నెమ్మదిగానైనా సాగుతుంది. ఒక హద్దు కంటే తక్కువైతే ఆగిపోతుంది. 1958లో కబ్రేరా, వెర్మిలియా ప్రతిపాదించిన నమూనా సారాంశం ఇది. క్షేత్రస్థాయి సలహాకు అవసరమైన ఒక ముఖ్యాంశం ఇందులోనే ఉంది: ఆ హద్దు స్థిరం కాదు. నీటి సంతృప్తత ఎంత మించితే మెట్టు అంత ఇరుకైన సందులలో నుండి కూడా దూరగలదు. అందుచేత ఒక నీటికి చాలిన మోతాదు మరో నీటికి చాలదు. ఒక స్థాయి దాటిన తరువాత ఏ మోతాదూ చాలదు.

మెగ్నీషియం ప్రకృతిలోనే ఉన్న నిరోధకం. అది తన చుట్టూ ఉన్న నీటి అణువులను కాల్షియం కంటే గట్టిగా పట్టి ఉంచుతుంది, కాల్సైటు స్ఫటికంలో ఇరుక్కున్నప్పుడు ఆ స్ఫటికపు ద్రావణీయతను పెంచుతుంది. కాల్షియంకు సుమారు ఐదు రెట్ల మెగ్నీషియం ఉన్న సముద్రపు నీటిలో కాల్సైటుకు బదులు అరగోనైటు ఏర్పడడానికి ఇదే కారణం. బోరు నీటిలో మెగ్నీషియం ఎక్కువగా ఉంటే కాల్సైటు గార ఆలస్యం కావచ్చు. నీటి విశ్లేషణ నివేదికలలో కాల్షియం, మెగ్నీషియంలను కలిపి ఒకే కాఠిన్యపు అంకెగా ఇవ్వడం ఈ విషయంలో ఏ మాత్రం ఉపయోగపడదు.

ఆమ్లం లెక్క, నిరోధకం లెక్క

ఎకరాకు 4 మిల్లీమీటర్ల నీరంటే సుమారు 16,000 లీటర్లు. లీటరుకు 6 మిల్లీ తుల్యాంకాల బైకార్బొనేటులో సగాన్ని తటస్థీకరిస్తే ఉదజని సూచిక 6.4 దరిదాపులకు దిగుతుంది. ఇందుకు లీటరుకు 3 మిల్లీ తుల్యాంకాల ఆమ్లం కావాలి. బజారులో దొరికే 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం లీటరుకు సుమారు 10.5 తుల్యాంకాల బలం కలది కనుక, ఒక తడికి దాదాపు నాలుగున్నర లీటర్లు అవుతుంది. అదే తడికి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున నిరోధకం 32 గ్రాములే. రైతు సందేహానికి మూలమైన తేడా ఇదే.

ఆమ్లం బైకార్బొనేటును నాశనం చేస్తుంది. అది పోయిన తరువాత సున్నం దిగడానికి కావలసిన ముడిసరుకే తగ్గిపోతుంది; సమతాస్థితే మారుతుంది. నిరోధకం వల్ల నీటిలోని కాల్షియం, బైకార్బొనేటు, లాంజెలియర్ సూచిక ఏవీ మారవు. ఆ నీటిని తగినంత కాలం నిలువ ఉంచితే సున్నం దిగుతుంది. నిరోధకం కొనిచ్చేది సమయం మాత్రమే. మోటారు నడుస్తున్నంత సేపు నీరు పైపులో ఉండేది కొద్ది నిమిషాలే కనుక, గంటల ఆలస్యం దొరికినా చాలు; సున్నం పైపులో గాక నేలలో దిగుతుంది.

చిక్కు వచ్చేది మోటారు కట్టేసిన తరువాత. పైపులో నిలిచిన నీరు ఎండకు వేడెక్కుతుంది. డ్రిప్పరు మూతి వద్ద వేలాడే చుక్క ఆవిరవుతుంది. చుక్క సగానికి తగ్గితే అందులోని లవణాలన్నీ రెట్టింపవుతాయి, పూర్తిగా ఎండేసరికి ఏ నిరోధకమూ నిలవలేదు. డ్రిప్పరు లోపలి దారి కంటే మూతి దగ్గరే గార ముందుగా కనిపించడానికి కారణం ఇది. రోజూ కొద్దికొద్దిగా అనేకసార్లు నీరు వదిలే పద్ధతిలో ఎండే అవకాశాలు ఎక్కువ. నిరోధకం వాడే తోటలలో కూడా అప్పుడప్పుడు ఆమ్లంతో కడగవలసి రావడం అందుకే. దానిని మందు వైఫల్యంగా చూడనక్కరలేదు. ఇప్పటికే కట్టిన గారను నిరోధకం చెప్పుకోదగినంతగా కరిగించదు. మూసుకుపోయిన డ్రిప్పర్లను తెరవడానికి దానిని అమ్మితే మాత్రం అది తప్పుడు సలహాయే.

నిరోధకాలలోనూ రకాలున్నాయి. పాలీఫాస్ఫేట్లు చవక, కాని నీటిలో క్రమంగా విడిపోయి సాధారణ ఆర్థోఫాస్ఫేటుగా మారుతాయి. ఆమ్లంలోను, వేడిలోను ఇంకా వేగంగా. అప్పుడు నిరోధక గుణం చాలావరకు పోవడమే గాక, పుట్టిన ఫాస్ఫేటు కాల్షియంతో కలిసి మరో గారకు దారితీస్తుంది. అందువల్ల వీటి ద్రావణాన్ని ముందుగా కలిపి రోజుల తరబడి డ్రమ్ములో ఉంచరాదు, ఆమ్లంతో కలిపి అసలే ఉంచరాదు. ఫాస్ఫొనేట్లు ఇంతకంటే స్థిరమైనవి. అయితే కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో మోతాదు మించితే కాల్షియం ఫాస్ఫొనేటుగా అవే దిగిపోతాయి. పాలీఅక్రిలేట్లు నేలలో త్వరగా విచ్ఛిన్నం కావు. నత్తగుల్లలు తమ పెంకులలో సున్నపు స్ఫటికాల రూపాన్ని అదుపు చేయడానికి వాడే ప్రోటీన్లలో ఆస్పార్టిక్ ఆమ్లం అధికం. దానికి దగ్గరగా ఉండే పాలీఆస్పార్టేటు నేలలో విచ్ఛిన్నమయ్యే నిరోధకం. దీని తయారీ పద్ధతికి అమెరికాలో 1996లో హరిత రసాయన శాస్త్ర పురస్కారం లభించింది. సాగునీటికి ఈ గుణం ముఖ్యం, ఎందుకంటే పైపులో వేసిన ప్రతి గ్రామూ చివరికి చేరేది వేరు దగ్గరకే.

ఎరువుల ద్రావణాలు

ఫెర్టిగేషన్‌లో ఎరువు కూడా ఒక సంకలితమే, అది గారను ఆపవచ్చు, పెంచవచ్చు. కాల్షియం నైట్రేటును, ఏదైనా సల్ఫేటు ఎరువును ఒకే తొట్టిలో చిక్కగా కలిపితే జిప్సం దిగుతుంది. జిప్సం లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములే కరుగుతుంది, ఆమ్లం పోసినా కార్బొనేటు వలె పొంగి కరిగిపోదు. మోనో అమ్మోనియం ఫాస్ఫేటు తన తొట్టిలో తేటగానే ఉంటుంది. కఠినజలంతో కలిసి పలుచబడి, ఉదజని సూచిక పెరిగిన చోట కాల్షియం ఫాస్ఫేటుగా దిగుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం వాడినప్పుడు ఆమ్లత్వం వల్ల ఫాస్ఫేటు కరిగి ఉంటుంది కాని, మోతాదు ముగిసే దశలో ఆమ్లం పలుచబడి ఫాస్ఫేటు ఇంకా పైపులో మిగిలి ఉన్న కొద్ది నిమిషాలు ప్రమాదకరమైనవి. యూరియా కరిగిన వెంటనే సూచికను పెంచదు. యూరియేజ్ చర్యతో అమ్మోనియాగా మారినప్పుడు పెంచుతుంది. కాబట్టి యూరియా నీటిని రాత్రంతా పైపులలో నిలువ ఉంచకుండా, చివర కొంతసేపు మామూలు నీరు వదలాలి.

ఎరువులను రైతు వాడే నీటితోనే గాజు సీసాలో కలిపి చూడడం మంచి పరీక్ష. అయితే పది నిమిషాలలో తేటగా ఉందని నిర్ణయానికి రావడం పొరపాటు. బీజం పుట్టడానికి సమయం కావాలి, శుభ్రమైన గాజు సీసాలో ఆ సమయం మరీ ఎక్కువ. ఆ సీసాను మరుసటి రోజు వరకు ఎండ తగిలే చోట ఉంచి చూడాలి. గార కట్టిన పాత పైపు ముక్కను అందులో వేస్తే పొలంలోని పరిస్థితికి ఇంకా దగ్గరవుతుంది.

సున్నపు నేలలలో ఇదే చర్య

పైపులో ఆలస్యం కోసం డబ్బు ఖర్చుపెడుతున్నాము. నేలలో అది ఉచితంగా జరుగుతూనే ఉంది. సున్నం గల నేలల ద్రావణాలను విశ్లేషిస్తే అవి కాల్సైటుతో సమతాస్థితిలో గాక, దానిని మించి సంతృప్తమై ఉండడం తరచుగా కనిపిస్తుంది. పక్కనే బోలెడు కాల్సైటు రేణువులు బీజాలుగా సిద్ధంగా ఉన్నా ఈ అసమతౌల్యం నిలుస్తుంది. నీటిలో కరిగే సేంద్రియ పదార్థాలు, ముఖ్యంగా ఫుల్విక్ ఆమ్లం, కాల్సైటు పెరుగుదలను అడ్డుకుంటాయని ఇన్‌స్కీప్, బ్లూమ్ 1986లో చూపిన ఫలితాలు దీనికి మంచి వివరణ. హెక్సామెటాఫాస్ఫేటు గొలుసు వలెనే ఈ అణువులూ ఉపరితలానికి అతుక్కొని మెట్లను నిలువరిస్తాయి.

భాస్వరం విషయంలో దీని ఫలితం ఇంకా ముఖ్యమైనది. సూపర్ ఫాస్ఫేటులోని మోనో కాల్షియం ఫాస్ఫేటు సున్నపు నేలలో కరిగి, మొదట డైకాల్షియం ఫాస్ఫేటుగా, తరువాత ఆక్టాకాల్షియం ఫాస్ఫేటుగా, చివరకు హైడ్రాక్సీ అపటైటు వైపుగా మారుతుంది. ఆస్ట్‌వాల్డ్ చెప్పిన మెట్లే ఇవి. ప్రతి మెట్టుకు ద్రావణీయత తగ్గుతుంది, పైరుకు అందే భాస్వరమూ తగ్గుతుంది. ఎరువు స్థిరీకరణ అని పాఠ్యపుస్తకాలు చెప్పేది ఒకే ఘటన కాదు, కాలంతో పాటు జరిగే ఈ దిగుదల కూడా అందులో భాగం. హ్యూమిక్, ఫుల్విక్, టానిక్ ఆమ్లాలు హైడ్రాక్సీ అపటైటు ఏర్పడకుండా నిరోధిస్తాయని ఇన్‌స్కీప్, సిల్వర్‌టూత్ 1988లో ప్రయోగశాలలో చూపారు. మాగిన పశువుల ఎరువుతో కలిపి సూపర్ ఫాస్ఫేటు వేయాలనే సిఫారసుకు ఇచ్చే కారణాలు పలు. సేంద్రియ ఆమ్లాలు సున్నాన్ని కరిగిస్తాయన్నది వాటిలో ఎక్కువగా వినిపించేది. సున్నం పదిశాతం ఉన్న నేలలో రెండు మూడు టన్నుల పశువుల ఎరువు సున్నాన్ని తగ్గించేది అత్యల్పం. స్ఫటికాల పెరుగుదలను ఆలస్యం చేయడానికి మాత్రం అంత మోతాదు అక్కరలేదు. ఎరువు పలుకు చుట్టూ ఉన్న కొద్ది మిల్లీమీటర్ల మట్టిలో, పైరు భాస్వరం తీసుకునే కొద్ది వారాల పాటు ఆ ఆలస్యం దొరికితే చాలు. ఎరువును, పశువుల ఎరువును వేర్వేరుగా వెదజల్లడం కంటే కలిపి చాళ్ళలో వేయడం ఈ దృష్టితో మేలైనది.

నీటి నమూనాతో ఒక జాగ్రత్త

ఈ లెక్కలన్నిటికీ ఆధారం నీటి విశ్లేషణ, అది తప్పితే అన్నీ తప్పుతాయి. సగం నింపిన సీసాలో రెండు రోజుల తరువాత ప్రయోగశాలకు చేరిన బోరు నీరు దారిలోనే బొగ్గుపులుసు వాయువును కోల్పోతుంది. ఉదజని సూచిక ఎక్కువగానూ, సీసా గోడలకు సున్నం దిగితే కాల్షియం, బైకార్బొనేటు తక్కువగానూ నమోదవుతాయి. బోరు కొంతసేపు నడిచిన తరువాత ఉదజని సూచికను, ఉష్ణోగ్రతను అక్కడికక్కడే కొలవాలి. సీసాను గాలి బుడగ లేకుండా నిండుగా నింపి, మూత బిగించి, చల్లగా ఉంచి పంపాలి. అదే రోజు లేటరల్ చివరి డ్రిప్పరు వద్ద కూడా ఉదజని సూచికను కొలిస్తే, రెండు అంకెల మధ్య తేడాను బట్టి ఆ పైపులో నీరు ఎంత వాయువును కోల్పోతున్నదో అంచనాకు వస్తుంది.

మూసుకుపోయిన డ్రిప్పరును కోసి, లోపలి పొర మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేసి చూడాలి. వెంటనే బుసబుస పొంగితే కార్బొనేటు. ఆమ్లమూ, నిరోధకమూ రెండూ పరిశీలించదగినవి. పొంగకుండా నెమ్మదిగా కరిగితే ఫాస్ఫేటును అనుమానించి ఎరువుల కలయికను చూడాలి. పొంగకుండా, కరగకుండా పలుకులుగా మిగిలితే జిప్సమో, ఇసుకో అవుతుంది. ఎర్రగా ఉంటే ఇనుము. వేలికి జిగురుగా తగిలితే సూక్ష్మజీవుల పొర, దానికి క్లోరిన్ చికిత్స వేరుగా కావాలి. క్లోరిన్ మందును ఆమ్లంతో ఒకే పాత్రలో కలిపితే విషవాయువు వెలువడుతుంది కనుక ఆ రెండు చికిత్సలను వేర్వేరు రోజులలో చేయాలి.